లోకేశ్వరి పగలగొట్టిన గోడ

లోకేశ్వరి అత్తకు మా వీధిలో మంచి పేరు లేదు. ఆమె నోరు తెరిస్తే కుళాయి దగ్గర బిందెలు వాటంతట అవే వరసలో నిలబడతాయని ఆడవాళ్లు ఎగతాళి చేస్తారు. మగవాళ్లు ఆ మాత్రం కూడా అనరు. ఆమె ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోతారు. నాకు ఆమె వరసకు అత్త. ఆమె గురించి పోలీసులు రాసుకున్నది ఒకటుంది. అది అబద్ధం కాదు గాని, అందులో సగమే ఉంది. మిగతా సగం నేను రాస్తున్నాను.

గుడియాత్తం నుంచి మోర్ధానా డ్యాముకు పోయే దారిలో, కొండ అడుగున ఉంది మా వీధి. అన్నీ గుంత మగ్గాలే. నేలలో గుంత తవ్వి, అందులోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని నేస్తారు. వీధి చివరి ఇల్లు అత్తది. ఆ ఇంటి పెరటి గోడ దాటగానే మట్టికట్ట మొదలవుతుంది. రెండు గుట్టల మధ్య వంకకు అడ్డంగా నూలు వ్యాపారి దేవేంద్రన్ వాళ్ల తాత తన మామిడితోట కోసం పోయించిన కట్ట అది. తాత పోయాడు, తోట పోయింది, కట్ట మాత్రం మిగిలింది. ఇప్పుడు దాని నీళ్లలో దేవేంద్రన్ చేపలు పెంచుతాడు. మా వీధికంతా నూలు ఇచ్చేదీ, నేసిన లుంగీలు తీసుకునేదీ కూడా ఆయనే. అందుకే ఆయన్ను ఎవరూ పేరుతో పిలవరు. ముదలాళి, అంటే యజమాని, అంటారు.

అత్త పుట్టింది కావేరిపాక్కంలో. అక్కడి చెరువుకు అవతలి గట్టు కనపడదు. వాన పట్టిందంటే ఇంటికొక మనిషి కట్ట మీదికి కాపలాకు పోవాల్సిందే, పొలం ఉన్నా లేకపోయినా. వాళ్ల నాన్న నేతగాడు, ఆయనకు జానెడు భూమి లేదు. అయినా గోనెసంచి నెత్తిన కప్పుకుని పోయేవాడు. పెళ్లయి మా వీధికి వచ్చిన మొదటి వానకే ఆమె, "మనింట్లో నుంచి కట్ట మీదికి ఎవురు పోతాండారు?" అని అడిగిందట. అందరూ నవ్వారు. కొత్త మొగుడు చిన్నప్పన్ మామ సిగ్గుపడి, "అది ముదలాళోళ్ల కట్టమే. మనం యాల పోయేది?" అన్నాడు.

"తెగితే నీళ్లు ముదలాళింట్లోకి పోతాయా, మనింట్లోకా?"

ఆ ఒక్క మాటకే ఆమెకు నోటిగయ్యాళి అని పేరు పడింది. అది ఇప్పటికీ పోలేదు.

పోయిన ఏడు ఆవణి నెల వానలకు కట్ట బాగా నిండింది. తర్వాతి నెల పురటాసిలో మళ్లీ ఎండలు కాశాయి. ఆ ఎండల్లో ఒక పొద్దున అత్త మగ్గం గుంతలోకి కాళ్లు దించితే అరికాళ్లకు చల్లగా తగిలింది. వంగి చూస్తే గుంత అడుగున తేట నీళ్లు. ఆమె మామను పిలిచింది, మామ వీధిని పిలిచాడు. గంగమ్మ గుడి పెద్ద పద్మనాభన్ వచ్చి, తొంగి చూసి, టపటపా చెంపలేసుకున్నాడు.

"ఇంత ఎండ కాస్తాంటే గుంతలో నీళ్లు ఊరినాయంటే ఏమనుకుంటివమ్మా? అమ్మ వచ్చుండాది! గంగమ్మ మగ్గంలో కూర్చోనుండాది!"

"కూర్చుంటే కూర్చోనీ మామా. నా లుంగీ ఎవురు నేసేది? అమ్మే నేస్తాదా?"

"మేయ్, నోరు కడుక్కో!"

అంటే అంది గాని, ఆ రోజు ఆమె కూడా కర్పూరం వెలిగించింది. నీళ్లు తేటగా, చూడముచ్చటగా ఉన్నాయి. మరుసటి రోజు మగ్గం ఎక్కబోతే వీధి వీధంతా అడ్డం పడింది. అమ్మవారి నెత్తిన కాలు పెడతావా అని అరిచారు. పద్మనాభన్ మగ్గానికి వేపమండలు కట్టాడు. ఎవరో పసుపు పూశారు. సగం నేసిన లుంగీ మీద పూలు రాలి, పడుగు దారాలకు పసుపు మరకలు అంటుకున్నాయి. నేసేవాళ్లే నేత పాడుచేసి దండం పెట్టుకున్నారు. ఇట్లాంటి పని మా వీధి తప్ప ఇంకెవరూ చేయరు.

ముదలాళి కూడా వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి, మగ్గం చుట్టూ తిరిగి, "నా కట్ట కింద అమ్మ వెలిసిందంటే మా తాత చేసిన పుణ్యం" అని, పొంగలికి బియ్యం పంపించాడు. గుంతలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయని ఆయన అడగలేదు. మేమూ అడగలేదు.

ఆ పై నెల, ఐప్పసి మొదట్లో నీళ్లు ఎర్రబడ్డాయి.

ఇక చూడాలి సంబరం! అమ్మ కుంకుమ పెట్టుకుందన్నారు. గుడియాత్తం నుంచి ఆటోల్లో జనం దిగారు. సీసాల్లో పట్టుకుని తొరపాడిలో ఉన్న చుట్టాలకు కూడా తీసుకుపోయారు. అత్త ఇంట్లో ఆమెకే నిలబడే చోటు లేకుండా పోయింది. జనం సందులో దూరి ఒక గాజు గ్లాసులో ఆ నీళ్లు పట్టి, వంటింటి గూట్లో పెట్టింది. మధ్యాహ్నం నన్ను పిలిచింది.

"రేయ్, ఇట్ల రా. చెయ్యి చాపు."

గ్లాసులో పైన నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున ఎర్రగా పేరుకుంది. పైనీళ్లు వంచేసి అడుగుది కొంచెం నా అరచేతిలో పోసింది.

"రుద్ది చూడు. కుంకుమ గరగరలాడతాదా?"

గరగరలాడింది. మన్ను. మా పెరళ్లలో ఉండేది నల్లమన్ను. ఎర్రమన్ను ఉండేది కట్టలోనే.

"తేట నీళ్లు వచ్చినంత సేపు నేను గూడా దండం పెడితినిరా" అంది. "ఇప్పుడు వచ్చేది నీళ్లు కాదు. కట్టే కరిగి కొంచెం కొంచెంగా నా గుంతలోకి వస్తాండాది. లోపల యాడో బొక్క పడుండాది. పద, చూస్తాం."

ఇద్దరం కట్ట ఎక్కాం. ఎక్కడం కాదు, దిగబడ్డాం. మా ఇళ్ల వైపు వాలులో తుంగ మొలిచి ఉంది. నా చెప్పు బురదలో కూరుకుపోయింది, ఇప్పటికీ అక్కడే ఉంది. పైన దేవేంద్రన్ వరసగా నాటించిన కొబ్బరిచెట్లు మా వీధి వైపు ఒరిగాయి. నీళ్లు కిందికి వదిలే తూము చక్రం తుప్పు పట్టి ఊచకు అతుక్కుపోయింది. ఆ చివర, కట్ట నిండితే మిగులు నీళ్లు పొర్లిపోవడానికి రాతి మీద వదిలిన దారి ఉంటుంది. దాన్ని మేము మొరవ అంటాం. ఆ మొరవకు అడ్డంగా నడుమెత్తు ఇటుక గోడ ఉంది. చేపలు పోకుండా, ఇంకాస్త నీళ్లు నిలిచేలా దేవేంద్రన్ కట్టించాడు. నీళ్లు ఆ గోడ అంచును నాకుతున్నాయి. అసలు వానలు ఇంకా రానే లేదు.

"నీళ్లు పోయే దారి మూసినాడు. మన్ను పోయే దారి తెరిచిపెట్టినాడు" అంది అత్త.

మర్నాడే గుడియాత్తం బజారులో ఆయన నూలు కొట్టుకు పోయింది. తోడు నేనూ పోయాను. దేవేంద్రన్ నూలు కట్టల మధ్య కూర్చుని టీ తాగుతున్నాడు. ఆయన అరిచే మనిషి కాదు. అందరినీ మెత్తగా పలకరిస్తాడు, అదే ఆయన బలం.

"రామ్మా లోకేశ్వరీ. అమ్మ ఎట్లుండాది?"

"అమ్మ బాగనే ఉండాది ముదలాళీ. కట్టే బాగలేదు." బురద గ్లాసు తీసి ఆయన టీ గ్లాసు పక్కన పెట్టింది. "ఇది మీ కట్ట మన్ను. నా గుంతలో దొరికింది. మీ సొత్తు మీకు ఇచ్చిపోదామని వస్తి."

ఆయన నవ్వాడు. "మా తాత పోయించిన కట్టమ్మా. ఎన్ని వానలు చూసుండాదో నీకేం తెలుసు?"

"తాత మొరవకు గోడ కట్టలేదు గదా."

"గోడ లేకుంటే చేపలు పోతాయి."

"గోడ ఉంటే మేము పోతాం."

అప్పుడు ఆయన టీ గ్లాసు పక్కకు నెట్టాడు. "నేనొకటి అడుగుతా చెప్పు. పడుగు సాగదీసేదానికి కట్ట మీద గుంజలు పాతినారే, అవి ఎవురివి? ఆ బొక్కల్లో నుంచే నీళ్లు దిగుతాండాయి. కేసు పెట్టాలంటే నేను పెట్టాల మీ మీద."

గుంజలు మావే. మా వీధి వంకర, పొడుగు పడుగు తిన్నగా చాచడానికి చోటు చాలదు. కట్ట వంకర లేకుండా, గాలి తగిలేలా ఉంటుందని ఎప్పటి నుంచో అక్కడే చాచుతున్నాం. అవి మూరెడు కూడా దిగవు, వాటికి కట్ట కారిపోదు. అయినా ఆయన మాట వినగానే నేను తల దించుకున్నాను. అత్త దించుకోలేదు.

"అట్లయితే మా గుంజలు మేము పీకేస్తాం. నీ గోడ నువ్వు పీకు."

మీరు కాస్తా నువ్వు అయింది. ఆయన గమనించాడు.

"నూలు కావాల్నా వద్దా మీకు?"

"వీధి కొట్టుకోని పోతే నీ నూలు ఈదుకుంటా వస్తాదా నా యనకాల?"

ఇంటికి వస్తూనే ఆమె కట్టెక్కి గుంజలన్నీ పీకేసింది. వాటిని మోపు కట్టి, నూలు తెచ్చే ముదలాళి మనిషితోనే ఆయనకు పంపింది. "మా వంతు అయిపాయె" అని చెప్పమంది. పడుగు చాచే చోటు పోయిందని వీధిలో వాళ్లు ఆమెనే తిట్టారు.

నేను ఆఫీసులకు ఫోన్ల మీద ఫోన్లు చేశాను. ఒక ఇంజనీరు వచ్చాడు. మంచివాడే. కట్ట వాలులో కర్ర గుచ్చితే అది సగం దాకా దిగింది, ఆయన ముఖం మాడిపోయింది. "ఇది పట్టా భూమి. మా లెక్కల్లో ఈ కట్ట లేదు. ఓనరుకు నోటీసు పంపాలి, జవాబుకు గడువివ్వాలి" అన్నాడు.

"గడువు వానకు గూడా ఇస్తారా సార్?" అంది అత్త.

ఆయన కర్ర తీసి జీపులో పెట్టాడు. ఎక్కబోతూ, ఎవరితోనూ కానట్టు, "ముందు నీటి మట్టం దించాలి. మిగతావన్నీ తర్వాత" అన్నాడు. ఆ మాట ఆమె చెవిలో పడింది.

మూడో రోజు పొద్దున వాన మొదలైంది. అత్త మూల నున్న గడ్డపార అందుకుంది. చిన్నప్పన్ మామ రెండో కొస పట్టుకున్నాడు. ఇంట్లో కాసేపు అటూ ఇటూ లాగులాట.

"వద్దుమే! ఆయప్పతో పెట్టుకుంటే గంజికి యాడ పోతాం?"

"గంజి తాగేదానికి మనం ఉండాల గదయ్యా ముందు."

మామ కొస వదిలేశాడు. ఆమె వానలో బయటికి నడిచింది. నేను ఇంకో గడ్డపార తీసుకుని వెంట పోయాను. మొరవ గోడ మీద మొదటి దెబ్బ పడేసరికి వెనక నుంచి మామ గొడుగు పట్టుకుని వచ్చాడు. ఆపడానికి వచ్చాడనుకున్నాం. వచ్చి, గొడుగు విప్పి, ఆమె నెత్తి మీద పట్టి నిలబడ్డాడు. ఆమె గడ్డపార ఎత్తినప్పుడల్లా గొడుగుకు తగులుతోంది.

"గొడుగు తియ్యయ్యా, కన్ను పొడిచేట్టుండావు!"

"జొరం వస్తాదే!"

పైవరస ఇటుకలు ఒక్కొక్కటే ఊడదీస్తున్నాం, నీళ్లు ఒక్కసారిగా పడకుండా. ఇంతలో పద్మనాభన్ పదిమందిని వెంటేసుకుని రొప్పుతూ వచ్చాడు.

"ఏం పని చేస్తాండావమ్మా! అమ్మ నీళ్లను దారి మళ్లిస్తావా? పాపం చుట్టుకుంటాది!"

అత్త గడ్డపార మీద చెయ్యి ఆనించి ఊపిరి పీల్చుకుంది. "మామా, అమ్మ మొరవలో పోతే ఊరేగింపు. అర్ధరాత్రి నీ ఇంటి తలుపు తోసుకోని వస్తే దాన్ని ఏమంటారో నువ్వే చెప్పు."

ఆయన తడిసిన కండువా పిండుకున్నాడు. వెనకున్నవాళ్లు వానలో తుంగ మొలిచిన వాలు వైపు చూశారు. వాలు మీద ఎర్రనీళ్లు సన్నగా తీగలా కారుతున్నాయి. వాళ్ల ఇళ్లు ఆ తీగకు సరిగ్గా కిందున్నాయి. ఎవరూ పార పట్టలేదు గాని, ఎవరూ ఆపలేదు.

ఇంకో రెండు వరసలు పడగానే నీళ్లు గోడ మీదుగా దుమికాయి, వాటితో పాటు చేపలు. అందరికంటే ముందు కొంగు బిగించి మొరవ కిందికి దూకింది పద్మనాభన్ పెళ్లామే. ఆ వెనకే వీధంతా. కొంగుల్లో, తువ్వాళ్లలో, గంగమ్మ పొంగలి వండిన అండాలో కూడా పట్టారు. గోడ పగలగొట్టడం పాపం, దొరికిన చేప ప్రసాదం. మా వాళ్ల సంగతి అంత. ఆ నవ్వులో నవ్వుగా సాయంత్రానికి గోడ రాతి దాకా దిగింది.

ఆ తర్వాత వాన పట్టుకుంది. మోర్ధానా నిండి నది పొర్లుతోందని, వంతెన మీద బస్సులు ఆపేశారని వార్తలు వచ్చాయి. మా కట్ట మీద ఇంటికొక మనిషి కాపలా ఉన్నాడు. అత్త వరస వేసి పంపించింది, పద్మనాభన్‌ను కూడా వదల్లేదు. రెండో రోజు వాలులో ఒక పెద్ద ముక్క జారింది. రెండు కొబ్బరిచెట్లు వేళ్లతో సహా కూలి, బురద అత్త పెరటి గోడను తోసుకుని వంటింటి దాకా వచ్చింది. కట్ట మాత్రం నిలబడింది. నీళ్లు మొరవలో పోతూనే ఉన్నాయి, మట్టం జారిన చోటికి చాలా కిందనే ఉంది. ఆ గోడ ఉండి ఉంటే నీళ్లు ఎక్కడ ఉండేవో పసిపిల్లాడైనా చెప్తాడు.

వాన వెలిశాక పోలీసులు వచ్చారు. దేవేంద్రన్ ఫిర్యాదు ఇచ్చాడు. ప్రైవేటు ఆస్తి ధ్వంసం, చేపల నష్టం. స్టేషన్లో ఆయనకు కుర్చీ వేశారు. అత్త నిలబడింది.

"చూస్తివా లోకేశ్వరీ" అన్నాడు ఆయన మెత్తగా. "కట్ట తెగనే లేదు. నా గోడ ఊరికే పగలగొడితివి."

నాకు ఒళ్లు మండింది. అత్త ఆయన వైపు చూడనే లేదు, ఇన్స్పెక్టర్ వైపు చూసింది.

"కట్ట తెగలేదని నా మీద కేసు పెడతాండారు సార్. తెగుంటే ఎవురి మీద పెడుదురు? చెప్పేదానికి మా వీధిలో ఎవురు మిగిలుందురు?"

ఇన్స్పెక్టర్ పెన్ను ఆపాడు. రాజీ చేద్దామనుకున్నాడు. క్షమించమని ఒక మాట అడిగి, గోడ తిరిగి కట్టడానికి అడ్డం రానంటే ఇక్కడితో వదిలేస్తానన్నాడు.

"నేను యాల అడిగేది? మల్లా కడితే మల్లా పగలగొడతా. అది గూడా రాసుకోండి."

రాసుకున్నారు. కేసు ఇంకా నడుస్తోంది.

గుంతలో నీళ్లు మొదట తేటబడ్డాయి, తర్వాత ఇంకిపోయాయి. అమ్మ అలిగి వెళ్లిపోయిందని పద్మనాభన్ వేపమండలు విప్పుకుపోయాడు. మగ్గం ఖాళీ అయింది గాని, నేయడానికి నూలు లేదు. వీధిలో ఆ ఒక్క ఇంటికే ముదలాళి నూలు ఆపేశాడు. మొగుడూ పెళ్లాం బస్సెక్కి గుడియాత్తం పోయి, ఎవరి మగ్గం మీదనో కూలికి నేసి వస్తున్నారు. వీధిలో వాళ్లు జాలిపడతారు, కొందరు కూర పంపుతారు. తమ నూలులో సగం ఇస్తామని మాత్రం ఎవరూ అనలేదు. ఇది కూడా రాయాలి కదా.

వానలు పూర్తిగా వెనకబట్టాక ఒక పొద్దున మేస్త్రీ మురుగన్ ఇద్దరు కూలీలతో, ఇటుకల బండితో మొరవ దగ్గర దిగాడు. అత్త ఆ రోజు బస్సెక్కలేదు. నేరుగా పోయి, గోడ ఉన్న చోట, రాతి మీద కూర్చుంది. సన్నటి నీళ్లు ఆమె పాదాల పక్క నుంచి పోతున్నాయి. మురుగన్‌ది కూడా కట్ట కింద ఉన్న మా వీధే. సిమెంటు కలిపి, తాపీ పట్టుకుని తల గోక్కుంటూ నిలబడ్డాడు. కబురు పోయి దేవేంద్రన్ వచ్చాడు. ఆ వెనక జనం చేరారు.

"అమ్మా, సగం గోడే. మోకాటి ఎత్తు" అన్నాడు. "కేసు వెనక్కి తీసుకుంటా. రేపట్నుంచి నీకు నూలు. పంతమెందుకు?"

జనంలో ఉన్న చిన్నప్పన్ మామ అత్త వైపు చూశాడు. బస్సెక్కి పోయి చేసే కూలితో వాళ్లు ఎట్లా నెట్టుకొస్తున్నారో అందరికీ తెలుసు. సరే అంటే ఎవరూ తప్పు పట్టరు.

"తూము బాగుచేయించి తిప్పిస్తావా?" అని అడిగింది అత్త. "ఆ చెట్లు తీయిచ్చి, జారిన చోట మన్ను పోసి తొక్కిస్తావా? అదంతా చేసినాక గోడ సంగతి మాట్లాడతాం."

"అది నా ఇష్టం. కట్ట నాది."

"నీదే. ఎవురు కాదన్నారు? దాని కింద ఉండేది మేము." మేస్త్రీ వైపు తిరిగింది. "మురుగా, ఇటుక పెట్టు నాయనా. నా ఒళ్లో పెట్టు, యాడన్నా పెట్టు. నేను లేచేది లేదు."

మురుగన్ ఇటుక తీసి, మళ్లీ బండిలో పెట్టాడు. అప్పుడు చిన్నప్పన్ మామ కదిలాడు. చెయ్యి పట్టుకుని లేపుతాడని దేవేంద్రన్ అనుకున్నట్టున్నాడు, ఆయన ముఖం తేలికపడింది. మామ పంచె ఎగగట్టి నీళ్లలోకి దిగి, ఆమె పక్కన, ముదలాళికి వీపు పెట్టి కూర్చున్నాడు. ముదలాళికి వీపు చూపించిన మనిషిని మా వీధిలో నేను చూడటం అదే మొదలు.

ఎండ ఎక్కుతోంది.

"ముదలాళీ, కలిపిన సిమెంటు గట్టిపడతాండాది" అన్నాడు మురుగన్. "ఏం చేసేది?"

జవాబు అత్త చెప్పింది.

"ఎత్తుకోని తూము కాడికి పో. కట్టాలంటే పని ఆడుండాది."